పలకల గనిలో తెరుచుకున్న గొంతు

మార్కాపురం అవతల, నీళ్లు నిండిన పాత పలకల గని ఒకటుంది. దీపాలు పెట్టే వేళ దాటితే ఆ పక్క ఎవరూ పోరు. మేక తప్పిపోయి అటు పోయినా… తెల్లారినాకే వెతుక్కుంటారు.

పోయినేడు శాంతయ్య మామ అక్కడే పోయినాడు. ఉలితో రాయిని పొరలు పొరలుగా చీల్చే మనిషి. గట్టు విరిగి మీద పడింది. ఆ తర్వాత పని ఆగింది, గుంతలో నీళ్లు చేరినాయి. శవాన్ని తీసినారు గానీ… గొంతు తియ్యలేదని జనం మాట.

మా అమ్మ చెప్పింది— ఆయన భార్య మల్లమ్మత్త పలకల షెడ్డు నుంచి వస్తా ఉంటే గుంతలోంచి మూలుగు లేచిందంట. ఊ… అని మొదలై, నోరు తెరిచినట్లు మెల్లగా విచ్చుకొని, సన్నగిల్లిపోయిందంట. అప్పట్నుంచి ఆమె రోజూ పోయి కూచుంటాది. మొదట గట్టు మీద. ఇప్పుడు నీళ్లకు రెండు మెట్ల పైన.

"ఇంకో వారమైతే దిగిపోతాది," అన్నది అమ్మ.

చేతిలో ముద్ద పళ్లెంలో పెట్టేసినా. ఎందుకంటే… ఆ మూలుగు నాది.

ఫోన్‌లో చూసి వాయించడం నేర్చుకున్నా. ఇంట్లో వాయిస్తే తిట్లు. అందుకే మీటలు నొక్కి రకరకాల శబ్దాలు పుట్టించే నా సింథసైజర్, బ్యాటరీ స్పీకరు మోసుకొని గని పక్క పాడుబడ్డ కావలి గదికి పోయేదాన్ని. అందులో ఫిల్టర్ అంటే శబ్దానికి నోరనుకోండి. మూస్తే మూలుగు, తెరిస్తే అరుపు. ఆ నోరు ఎంత నిదానంగా తెరుచుకోవాలో, ఎట్ల మూసుకోవాలో చెప్పేది ఎన్వలప్. నేను నిదానంగా పెట్టినా. అంతే.

భయపడి మానేసినా. ఆమె మానలేదు. దారిలో ఎదురైతే నా ముఖం కాదు— నా వేళ్లు చూస్తాది. తెలిసిపోయిందా?

మానేసిన అయిదో రోజు సింథ్ ఎత్తుకొని గని మెట్లు దిగినా.

"అత్తా… నీకు వినబడేది మామ కాదు. ఇదిగో, ఇది." మీట నొక్కినా.

మల్లమ్మత్త నవ్వింది. "నీ గోల ఊరంతా తెలుసు కోడలా. మా మేక పాలు కూడా ఎగ్గొట్టింది."

"మరి రోజూ ఎందుకొస్తావు?"

"నీది అయిపోయినాక… ఆయన మాట్లాడతాడు. నువ్వు మానేసినావు, ఆయనా మానేసినాడు. అందుకే ఇంకా కిందికొచ్చినా."

ప్రతిధ్వని అత్తా అన్నా. నమ్మలా. రుజువు చూపిద్దామని ఎన్వలప్ మొత్తం సున్నాకు తిప్పినా. ఇప్పుడు శబ్దం టక్కున మొదలై టక్కున ఆగాలి. గోడకు తగిలి వచ్చేది కూడా అట్లనే రావాలి.

నొక్కినా. టక్.

నిశ్శబ్దం…

ఆపైన నీళ్ల మీదుగా వచ్చింది— ఊ… అని… మెల్లగా… తెరుచుకుంటా.

నేను మీట మీంచి వేళ్లు లాక్కున్నా. మల్లమ్మత్త మాత్రం తేలికగా ఊపిరి వదిలింది. "ఆఁ… ఉన్నాలే. అన్నం తిన్నా," అని గుంతకు చెప్పింది. నా భుజం పట్టుకొని లేచింది. "పద. జవాబు చెప్తే ఊరుకుంటాడు. ఇంక ఇంటికి పోదాం."

బతికించుకున్నా అనుకున్నా. ఆమెను ముందు నడిపించి గట్టెక్కుతా ఉన్నా.

వెనక ఆ మూలుగు మళ్లీ తెరుచుకుంది. ఇంకా దగ్గరగా.

మల్లమ్మత్త ఆగిపోయింది. నా చెయ్యి గట్టిగా పట్టుకొని, పెదాలు కదపకుండా అన్నది—

"తిరగొద్దు కోడలా… ఇది ఆయన గొంతు కాదు."