యోగా అని చెప్పిన కోడలు

కుక్కర్ మూడో విజిల్ వేయగానే కోడలు స్టవ్ కట్టేసి, మళ్ళీ భోజనాల బల్ల ముందు కూర్చుంది. ఆ బల్లే ఆమె ఆఫీసు. లోగోలు, పోస్టర్లు, షాపుల బోర్డులు గీసి ఇస్తుంది. నెల్లాళ్ళుగా ఆమె చేతిలో ఉన్నది ఒక పోల్ డాన్స్ బృందం పని. నిలువు స్తంభాన్ని పట్టుకుని గాల్లో తేలుతూ ఆడే ఆరుగురు ఆడవాళ్ళు త్వరలో మొదటి ప్రదర్శన ఇవ్వబోతున్నారు. వాళ్ళకో గుర్తు, రంగులు, పేరు రాసే తీరు అన్నీ ఈమే తయారుచేయాలి.

ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. ఎదురుగా కూరగాయలు తరిగే అత్తగారు "ఎవరి పనమ్మా ఇది?" అని అడిగిన రోజున "యోగా క్లాసులది అత్తయ్యా" అనేసింది.

బెల్లు మోగింది. వచ్చింది బృందాన్ని నడిపే లెక్కల టీచరు. కోడలికంటే పదేళ్ళు పెద్దది. బడికి వెళ్తూ బొమ్మలు చూసిపోదామని ఆగింది.

"రామ్మా, కూర్చో," అంది అత్తగారు సంబరంగా. "యోగా నేర్పేది నువ్వేనా? నా మోకాళ్ళు నా మాట వినడం మానేసి రెండేళ్ళయింది. నన్నూ చేర్చుకుంటావా?"

"యోగానా? మాది పోల్ డాన్సండీ," అంది టీచరు. అంటూనే కోడలి వైపు చూసింది. ఆ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఓహో! ఈ ఇంట్లో మా పేరు అదన్నమాట."

"అది కాదు మేడం... పెద్దవాళ్ళు కదా, ఏమనుకుంటారోనని..."

"మా హెడ్మాస్టరు పిలిచి అడిగితే ఎదురుగా నిలబడి చెప్పాను నేను. మా పేరెత్తడానికే సిగ్గుపడేదానివి, ఆ పేరుకి రూపం ఎలా ఇస్తావమ్మా?"

బొమ్మలు చూడకుండానే చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయింది.

అత్తగారు కత్తి పక్కన పెట్టింది. "సిగ్గుగా ఉంటే నీ సిగ్గని చెప్పు. మధ్యలో నన్నెందుకు అడ్డం పెట్టుకున్నావు?"

"మీరు కోప్పడతారని..."

"కోప్పడేదాన్నేమో! ఆ డాన్సేమిటో నాకేం తెలుసు? కానీ అడిగి చూడాలి కదా. నా జవాబు కూడా నువ్వే చెప్పేసుకున్నావు. నేనేమో మా కోడలు యోగా వాళ్ళ పని చేస్తోందని వీధంతా చెప్పుకు తిరిగాను, పిచ్చిదానిలా."

నిజానికి అత్తగారంటే కోడలికెన్నడూ భయం లేదు. పని ఒప్పుకున్న రోజున స్నేహితురాలికి ఫోన్ చేసి "ఎవరో స్తంభాలెక్కేవాళ్ళటే" అని పకపకా నవ్వింది తనే. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు చెవులు కాలిపోతున్నాయి.

సాయంత్రం బృందం సాధన చేసే హాలుకి బయల్దేరింది. "పద, నేనూ వస్తా," అంటూ అత్తగారు వెంట నడిచింది. లోపల, ఆసుపత్రి డ్యూటీ దిగి వచ్చిన నర్సు ఒకామె స్తంభం మీద తలకిందులుగా వేలాడుతోంది. చేతులు వణికి, జారి పరుపు మీద పడింది. లేచి మళ్ళీ ఎక్కింది.

"అయ్యో తల్లీ!" అని అత్తగారు గుండె పట్టుకుంది.

కోడలు అందరి ఎదుటా నిలబడింది. "మీ గురించి ఇంట్లో అబద్ధం చెప్పాను. సిగ్గుపడింది మా అత్తయ్య కాదు, నేను. క్షమించండి."

టీచరు చెయ్యి చాచింది. "బొమ్మలేవీ?"

ఒక్కో కాగితం తీస్తున్న కోడలి చేతులు ఆగిపోయాయి. ఒకదాంట్లో జుట్టు ముఖాన్ని కప్పేసింది. ఇంకోదాంట్లో తల అటు తిరిగి ఉంది. మూడోదాంట్లో మనిషి లేదు, నీడే ఉంది. నెల్లాళ్ళు తన చేత్తో గీసినవే, ఇన్నాళ్ళూ కంటికి ఆనలేదు.

"ఒక్కరికీ ముఖం పెట్టలేదు నేను," అంది. "అందర్నీ దాచేశాను." కన్నీళ్ళు కాగితం మీద పడ్డాయి.

టీచరు ఆ బొమ్మలు ఒక్కొక్కటే చూసింది. తర్వాత ఒక కాగితాన్ని తిప్పి, తెల్లటి వైపు పైకి పెట్టి, పెన్సిలు అందించింది.

"నాకింకా కోపం పోలేదు. కూర్చో. ఈసారి మమ్మల్ని చూస్తూ గీయి."

అత్తగారు గోడవారనున్న కుర్చీ తెచ్చి వేసింది. కోడలు కళ్ళు తుడుచుకుని, ఆయాసంతో ఎర్రబడ్డ నర్సు ముఖంలోకి మొదటిసారి తిన్నగా చూసింది.