మాటపెట్టె మూగబోయింది

నీలం గీత సగం దాటాక ఆగిపోయింది. దాని కింద, "ఫర్మ్‌వేర్ అప్‌డేట్ జరుగుతోంది. దయచేసి కరెంటు తీయకండి" అన్న అక్షరాలు తెల్లారినప్పటి నుంచీ కదలకుండా అలాగే ఉన్నాయి. మణిమాల కలుపుకున్న కాఫీ తాగడం మర్చిపోయి, హాల్లో గోడకున్న ఆ తెర ముందు నిలబడింది.

"ఏవండీ!" అని పిలిచింది అలవాటు చొప్పున. పలుకు లేదు.

విశాఖపట్నంలో సముద్రం బీచ్ రోడ్డును మింగేసి, జనం కొండల మీది అపార్ట్‌మెంట్లకు చేరిన రోజులవి. ఎండ తట్టుకోలేక కిటికీలు ఎవరూ తెరిచేవారు కాదు. ఇంటికో కంప్యూటర్ ఉండేది. ఏసీ, తలుపులు, నీళ్ల మోటారు అన్నీ అదే చూసుకునేది. మణిమాల ఇంట్లో దానికి ఇంకో పని కూడా ఉంది. ఆమె భర్త త్రివిక్రమరావు తరఫున అది మాట్లాడుతుంది.

త్రివిక్రమరావు పోర్టులో పైలట్‌గా చేశాడు. విదేశాల నుంచి వచ్చిన ఓడలెక్కి, ఇరుకు కాలవ గుండా వాటిని జెట్టీకి చేర్చడం ఆయన పని. మూడేళ్ల కిందట మెదడులో రక్తం గడ్డకట్టి పడిపోయాడు. ప్రాణం నిలిచింది కానీ ఒళ్లు కదలదు, నోరు పెగలదు, సగం మూతపడిన కళ్లు దేనిమీదా నిలవవు. అప్పుడే ఈ కొత్త యంత్రం వచ్చింది. నుదుటికి కట్టిన పట్టీ మెదడులోని సంకేతాలను పట్టుకుంటుంది. ఇంటి కంప్యూటర్ వాటిని మాటలుగా మార్చి, మనిషి పాత గొంతుతోనే వినిపిస్తుంది. జనం దానికి మాటపెట్టె అని పేరు పెట్టుకున్నారు.

ఆ గొంతు గది గదిలోనూ వినిపించేది. మణిమాల వంటింట్లో కూర తరుగుతుంటే, "ఇవాళ వంకాయేనా? కారం పెట్టి చెయ్యి మణీ" అనేది. గ్రీకు కెప్టెన్ల తిక్క వేషాలు చెప్పి నవ్వించేది. ఒళ్లు తుడవడానికి, పక్క మార్చడానికి పొద్దునా సాయంత్రం ఒక నర్సు వచ్చి వెళ్లేది. మణిమాలకు మాత్రం తన మొగుడు ఇల్లంతా ఉన్నట్టే ఉండేది.

ఇప్పుడా ఇల్లు మూగబోయింది.

ఆమె హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసింది. అక్కడా యంత్రమే పలికింది. స్విచ్ కట్టేసి కాసేపాగి వేయమంది. వేసింది. తెర వెలిగి, కంపెనీ బొమ్మ కనిపించి, మళ్లీ ఆరిపోయింది. మళ్లీ వెలిగింది. మళ్లీ ఆరింది. వెనకనున్న చిన్న బొక్కలో పిన్నీసు గుచ్చి రీసెట్ చేయమంది. అదీ చేసింది. ఈసారి తెర నల్లగా మారి, మూలన ఎర్రచుక్క ఒకటి మిగిలింది.

మధ్యాహ్నానికి డాక్టర్ నస్రీన్ వచ్చింది. మాటపెట్టెను తయారుచేసిన శాస్త్రవేత్త ఆవిడే. ఆమె లాబొరేటరీ పక్క కొండ మీదే ఉంది. ఊళ్లో చాలా ఇళ్లలో ఇదే గోల కావడంతో, మనుషులు చాలక తానే బయల్దేరింది.

"ఏమైందండీ దానికి?" అంది మణిమాల.

"కంప్యూటర్లో మనం నడిపే ప్రోగ్రాములు నేర్చుకున్న చదువు లాంటివి. ఫర్మ్‌వేర్ పుట్టుకతో వచ్చే తెలివి. చదువు మర్చిపోతే మళ్లీ నేర్పవచ్చు. ఇక్కడ ఆ పుట్టు తెలివే సగం చెరిగి, సగం కొత్తది పడి ఆగిపోయింది. అందుకే దానికి లేవడం కూడా చేతకావడం లేదు."

"మరి ఎలాగ?"

"లోపల ఎక్కడో మొట్టమొదటి ఫర్మ్‌వేర్ నకలు ఒకటి ఉంటుంది. దాన్ని లేపితే మాట్లాడుతుంది. కాకపోతే..." డాక్టర్ ఆగింది. "కొత్తది బాగుచేసి పంపేదాకా ఆగుదామా? రెండు రోజులు పట్టొచ్చు."

"రెండు రోజులు ఆయన మాట్లాడకుండా ఉండాలా? వద్దమ్మా, ఇప్పుడే లేపండి."

డాక్టర్ తన లాప్‌టాప్‌కి వైరు తగిలించి చాలాసేపు కుస్తీ పట్టింది. చివరికి తెర మీద తెల్లటి అక్షరాలు గబగబా పరుగెత్తి నిలిచాయి. స్పీకరులో గరగరమని చప్పుడు. తర్వాత గొంతు.

"చలి."

మణిమాల మొహం విప్పారింది. "వచ్చారా! ఏవండీ, ఎలా ఉన్నారు?"

"చలి."

"ఏసీ ఎక్కువైందా? ఎప్పుడూ చల్లగా హాయిగా ఉందంటారుగా?"

"చలి," అంది గొంతు. అందులో చనువు లేదు, నవ్వు లేదు. బావి అడుగు నుంచి వచ్చినట్టుంది.

మణిమాల డాక్టర్ వైపు తిరిగింది. డాక్టర్ తెరనే చూస్తోంది.

"మణిమాల గారూ, ఇది పాతది. పట్టీ ఏది పట్టుకుంటే అదే చెబుతుంది. మెదడు నుంచి మాకు అందేది రోజుకు నాలుగైదు మాటలే. వాటితో ఇంటివాళ్లకు తృప్తి ఉండేది కాదు. అందుకని మీ చేతికి రాకముందే, తర్వాతి అప్‌డేట్‌లో పూరణ పెట్టాం. మనిషి పాత ఫోన్ సంభాషణలు, వీడియోలు విని, ఆ నాలుగు మాటల చుట్టూ మిగతావి అల్లుతుంది. వినేవాళ్లు నొచ్చుకోకుండా అల్లమని నేర్పాం."

"అంటే... చలి అని ఆయనంటే..."

"చల్లగా హాయిగా ఉంది అని అల్లి ఉంటుంది."

మణిమాల పడగ్గదిలోకి పరుగెత్తింది. ఏసీ కట్టేసి, బీరువాలోని రగ్గు తీసి భర్త మీద కప్పింది. ఆయన పాదాలు పట్టుకుంటే రాయిలా చల్లగా ఉన్నాయి. వాటిని రెండు చేతులతోనూ రుద్దింది.

కొంతసేపటికి గొంతు పలికింది. "ఎవరు?"

"నేనేనండీ! మణిని."

"ఎవరు?"

"నేను! ఇదిగో, ఇక్కడే ఉన్నాను!" అని ఆయన చెవి దగ్గర అరిచింది.

"ఎవరు?"

గుమ్మంలో నిలబడ్డ డాక్టర్ లాప్‌టాప్‌తో లోపలికి వచ్చి, దాన్ని మంచం మీద పెట్టింది. ఆయన తల పక్కన గట్టిగా చప్పట్లు కొట్టింది. లాప్‌టాప్‌లో పాకుతున్న మెదడు సంకేతాల గీతల్లో మార్పు లేదు. ఆయన అరచేతిని గోటితో గీరింది. గీత ఎగిరిపడింది.

"ఈయనకు వినపడదు," అంది మెల్లగా. "పడిపోయిన రోజు నుంచే అయ్యుండాలి."

"వినపడకపోవడమేంటి? ఆసుపత్రిలో ఈ పెట్టె తగిలించి అడిగారుగా! వినపడుతోందని ఈయనే చెప్పారు. నేనేది అడిగినా చెప్పేవారు. నిన్న కూడా..."

మాట అక్కడే ఆగిపోయింది. విన్నది గోడలోని మైకు. బదులిచ్చింది యంత్రం.

మణిమాల మంచం మీద కూలబడింది. ఆయన చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది. ఆ చెయ్యి పట్టుకుని ఎన్నాళ్లయిందో ఆమెకు గుర్తు రాలేదు. పట్టుకోవలసిన అవసరమేం వచ్చింది, మనిషి వంటింట్లోకే వచ్చి కబుర్లు చెబుతుంటే! అరచేతిలో వేలితో 'మణి' అని రాసింది. బదులు లేదు. ఈసారి ఒక్కో అక్షరమే పెద్దగా, నెమ్మదిగా రాసింది.

"మణి," అంది గొంతు.

ఆమె ఏడుస్తూ నవ్వింది. డాక్టర్ మొహం పక్కకు తిప్పుకుంది.

"ఎన్నాళ్లు?" అని వచ్చింది తర్వాత.

మూడేళ్లు అని రాసింది. కిటికీ అద్దం మీద ఎండ వాలిపోయింది. చివరికి రెండు మాటలు, మధ్యలో పెద్ద ఎడంతో వచ్చాయి.

"నువ్వు... రాలేదు."

వచ్చాను, ఇక్కడే ఉన్నాను, రోజంతా మీతోనే మాట్లాడాను అని ఆమె రాస్తూనే ఉంది. అన్ని అక్షరాలు ఆ అరచెయ్యి పోల్చుకోలేకపోయింది. ఆయన మళ్లీ మాట్లాడలేదు.

వెళ్లేముందు డాక్టర్ నస్రీన్ కంప్యూటర్‌ని నెట్‌వర్క్ నుంచి తప్పించింది. "లేకపోతే కొత్త అప్‌డేట్ దానంతటదే వచ్చి పడుతుంది. మిగతా ఇళ్లవాళ్లకూ నేను చెప్పాలి," అంది.

చెప్పింది కూడా. నెల తిరిగాక మణిమాలను చూడటానికి వచ్చినప్పుడు డాక్టర్ బాగా చిక్కిపోయి ఉంది. "ప్రతి ఇంటికీ వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఏది కావాలో మీరే తేల్చుకోండన్నాను. ఒకావిడ తలుపు మొహాన వేసింది. ఒకాయన నా కాళ్లు పట్టుకున్నాడు, మా అమ్మాయి గొంతు తీసేయకండని. పాతది ఉంచుకున్నది మీరొక్కరే."

మణిమాల ఆమెకు టీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. త్రివిక్రమరావుకు ఇప్పుడు చలి లేదు. రోజూ ఆమే ఒళ్లు తుడుస్తోంది, అరచేతిలో రాస్తోంది. ఆయన రోజుకు రెండు మాటలంటాడు, మూడంటాడు. దాహం. దురద. ఎందుకు. చాలు. ఈ మధ్య చాలు అన్నదే ఎక్కువ. దేనికి చాలో ఆమె అడగలేదు.

"మీరు మంచి పని చేశారు," అంది డాక్టర్.

"ఒక మాట అడగనా?" మణిమాల గొంతు తగ్గించింది. ఆయనకు వినపడదని తెలిసీ లేచి వెళ్లి పడగ్గది తలుపు దగ్గరగా వేసి వచ్చింది. "ఆ కొత్తది ఉంది చూడండి... ఆయన మంచానికి, పట్టీకి ఏ సంబంధం లేకుండా, వంటింట్లో వేరే పెట్టొచ్చా? వంట చేసుకునేంతసేపు చాలు."

డాక్టర్ చేతిలో టీకప్పు అలాగే ఉండిపోయింది.

"పెట్టొచ్చు," అంది. "దానికి మనిషితో పని లేదు."