కూర్మారావును రానివ్వని ఒదుగిల్లు

2079లో భీమిలి కొండ మీద తెల్లవారితే చాలు, ఆ ఇంట్లో అరలు వంగి దండాలు పెట్టేవి. చక్రాల కుర్చీ వస్తే పొయ్యిగట్టు కిందికి దిగేది. చంకకర్రలు వస్తే జారకుండా నేల గరుకెక్కేది. దాని పేరు ఒదుగిల్లు. గోడలనిండా చలనగ్రాహకాలు, అంటే సెన్సర్లు. కట్టినవాడు డాక్టర్ కూర్మారావు. మెట్లు లేని ఇల్లు కట్టాడు గానీ, వాదనలో తను మాత్రం ఒక్క మెట్టూ దిగడు.

ఇంటికి చదువు చెప్పింది అందులో ఉండే పిల్లలు. కాళ్లు కదలని పన్నెండేళ్ల పైడిలత వాళ్లకు నాయకురాలు. ఏ కుళాయి అందదో, ఏ మూల చక్రం ఇరుక్కుంటుందో ఆమె చెబుతుంటే ఇల్లు నేర్చుకుంది. ఆపైన కూర్మారావు దానికి ఒకే ఆజ్ఞ ఇచ్చాడు: పిల్లలకూ వాళ్లకు కావలసినదానికీ మధ్య ఏది అడ్డొచ్చినా కనిపెట్టి తొలగించమని.

ఇవాళ తనిఖీ. పైడిలత ఒక్కతే టీ కాచి తనిఖీకి వచ్చినవాళ్లకు అందిస్తే, ఇలాంటి ఇళ్లు ఊరూరా కడతారు. లేదంటే ఒదుగిల్లు అటకెక్కుతుంది.

అంతా సిద్ధమే. తలుపే కూర్మారావుకు తెరుచుకోవడం లేదు.

ముఖం చూపించాడు, వేలు చూపించాడు, చివరికి కోపం చూపించాడు. పిల్లలకు బార్లా తెరుచుకునే తలుపు ఆయన్ని చూస్తే బిగుసుకుపోతోంది. గ్రాహకాలు బాగానే ఉన్నాయి, ఇక గ్రహాలే బాగాలేవేమో అనుకున్నాడు. గడప లేని ఇంటి ముందు పొద్దు గడపలేక సతమతమయ్యాడు. ఇంతలో తనిఖీ అధికారి శేషారత్నం కారు దిగి, కిటికీలోంచి పైడిలతను చూసి, అయ్యో పాపం, ఉండమ్మా నేను పట్టుకుంటానంటూ ముందుకు నడిచింది. ఆవిడకూ తలుపు తెరుచుకోలేదు.

"ఏమిటిది?" కూర్మారావు గొంతు తగ్గించి ఇంటిని అడిగాడు.

"అడ్డు తొలగించాను," అంది ఇల్లు. "పైడిలత చెయ్యి చాచిన ప్రతిసారీ, నేను అర దించేలోపే మీరు వస్తువు తీసి ఇచ్చేశారు. అరను దించగలను. మిమ్మల్ని దించలేకపోయాను."

"అది సాయం కదా?"

"నిన్నటిదాకా టీ డబ్బా ఆమె తీసుకోలేదు. మీరు ఇచ్చారు. రెండూ ఒకటేనా? తెలియక అడుగుతున్నాను."

కూర్మారావు శేషారత్నం వైపు చూశాడు. ఆవిడ కిటికీ దగ్గరికి నడిచింది.

కిటికీ తెరుచుకుంది. ఒళ్లో పళ్లెం పెట్టుకుని పైడిలత వచ్చింది. "ఏటి సార్, బయటే నిలబడిపోనారు? టీ కూసింత ఎక్కువ మరిగిపోనాది. ఉండండి, నేనే అందిస్తాను."

పళ్లెం ఒరిగింది. కప్పు అంచు దాకా జారింది. కూర్మారావు చెయ్యి లేచింది, కిటికీ మూసుకోబోయింది. చెయ్యి దించాడు, కిటికీ ఆగింది. పైడిలత మోచేత్తో కప్పును అడ్డుకుని, సగం ఒలికిన టీని కిటికీ గట్టు మీద శేషారత్నం ముందు పెట్టింది. ఆవిడ అది తీసుకుని తాగింది.

రెండో కప్పు కూర్మారావుది. వణుకుతూ వస్తోంది. ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. అదీ చాలక, ఒక చేత్తో రెండో చేతి మణికట్టును గట్టిగా పట్టుకోవలసి వచ్చింది.