రంగు మారిన ముందు పన్ను

"మళ్ళీ కాఫీ రంగులోకి తిరిగింది డాక్టర్ గారూ! మీ ఫిల్లింగ్ నన్ను నిలువునా ముంచింది."

కుర్చీలో వెనక్కి వాలి, అదేదో ఘనకార్యమైనట్టు పళ్ళన్నీ ఇకిలిస్తున్నాడు ఎదురు ఐస్‌క్రీమ్ షాపు అబ్బాయి. డాక్టరమ్మకి ఒళ్ళు మండిపోయింది. తను పాలిష్ చేసి పంపడం, వారం తిరక్కుండా అతను కాఫీరంగు పన్నుతో ప్రత్యక్షమవడం. ఇదే వరస.

"నా ఫిల్లింగ్‌కి వంక పెట్టకండి. తేడా మీ నోట్లోనే ఉంది."

"నా నోట్లో ఉన్నది మీ పనితనమేగా!"

"చాల్లెండి. నోరు తెరవండి."

పైకి అలా దబాయించింది గానీ, లోపల బెంగగానే ఉంది. క్లినిక్ బాబాయ్‌ది. ఆయనతో పోరి పోరి ఈ కొత్త ఫిల్లింగ్ మెటీరియల్ తెప్పించింది తనే. ఇంకెవరి పన్నూ రంగు మారలేదు. కానీ బాబాయ్ ఈ ఒక్కదాన్నే పట్టుకున్నాడు.

"సోమవారానికల్లా కారణం చెప్పమ్మా. లేకపోతే సరుకంతా వెనక్కి పంపేస్తా. ముందు పళ్ళ పని మళ్ళీ నేనే చూసుకుంటా," అనేశాడు.

ఆ పనంటే ఆమెకి ప్రాణం.

అదే మెటీరియల్‌తో చిన్న చిన్న బిళ్ళలు చేసింది. కొన్నిటిని వేడినీళ్ళలోంచి ఐసునీళ్ళలోకి మారుస్తూ రోజుల తరబడి కూర్చుంది. రంగు పెద్దగా కదల్లేదు. గోరువెచ్చటి కాఫీలో వేసినవి కాస్త మాసాయి, తుడిస్తే తేటపడ్డాయి. పొగలు కక్కే కాఫీలో ముంచి, వెంటనే ఐసులో పడేసి, మళ్ళీ కాఫీలో వేసినవి మాత్రం అచ్చం అతని పన్నులా తయారయ్యాయి. వేడికి ఉబ్బి, చలికి ముడుచుకుని పైపొర దెబ్బతింటే, రంగు అందులోకి దూరిపోతుంది.

హమ్మయ్య, దొరికింది! కానీ మామూలు మనిషెవడైనా పంటిని ఇంతలా హింసిస్తాడా? అతనేం చేస్తున్నాడో చూసొద్దామని వానలోనే రోడ్డు దాటింది.

షాపు అద్దంలోంచి అంతా కనిపిస్తోంది. మహానుభావుడు పొగలు కక్కే కాఫీ తాగడం లేదు, ముందు పళ్ళ దగ్గర పట్టుకుని పుక్కిలిస్తున్నాడు. ఆ వెంటనే ఐసుముక్క తీసి సరిగ్గా ఆ పన్నుకే అదిమిపెట్టాడు. జివ్వుమని లాగినట్టుంది, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

ఆమె తలుపు తోసుకుని లోపలికెళ్ళింది. "ఏం చేస్తున్నారు?"

అతని చేతిలోంచి ఐసు జారిపోయింది.

"అదీ... పన్ను బాగుంటే మీ దగ్గరికి రావడానికి నాకు వంకేముంటుందండీ?"

ఆమె గుండె ఒక్కసారి ఝల్లుమంది. కోపం మాత్రం తగ్గలేదు.

"మీ సరదాకి నా పని పోతోంది! సోమవారం సరుకంతా వెనక్కి వెళ్ళిపోతోంది, తెలుసా?"

అతని మొహం పాలిపోయింది. ఏప్రన్ విప్పి, తడుస్తూనే క్లినిక్‌లోకి నడిచాడు. ఆమె వెనకే పరుగెత్తింది.

"తప్పు నాదే సార్. కావాలనే పాడుచేశాను. ఈ డాక్టరమ్మ పనికి వంక పెట్టడానికి లేదు. కావాలంటే బయట బోర్డు పట్టుకుని నిలబడి చెప్తాను."

బాబాయ్ కళ్ళజోడు సవరించుకున్నాడు. "ఎందుకు చేశావయ్యా ఈ పని?"

అతను ఆమె వైపు చూసి చెవుల దాకా ఎర్రబడ్డాడు. బాబాయ్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"సరుకు ఉంచేద్దాంలేమ్మా. ముందు పళ్ళ పని ఇక పూర్తిగా నీదే. ఈ మనిషి సంగతి కూడా నువ్వే తేల్చుకో," అని నవ్వు ఆపుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

ఆమె అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి ఆ పన్ను తెల్లగా మెరిసేదాకా పాలిష్ చేసింది. అతను మాత్రం దిగులుగా లేచాడు.

"అయితే ఇక నేను రాకూడదన్నమాట."

"పేషెంటుగా రాకూడదు," అంది ఆమె గ్లవ్స్ తీసేస్తూ. "ఆరింటికి క్లినిక్ మూసేస్తాను. అప్పుడు రండి."