జీడిచెట్ల మలుపులో తెల్లది

యారాడ కొండదారిలో జీడిచెట్ల మలుపంటే అందరికీ హడల్, చీకటి పడ్డాక ఎవరూ దాని పేరెత్తరు. అక్కడో తెల్లటిది నిలబడుతుందట. చేపలమ్మే కనకరత్నం చూసినప్పుడు దానికి తల లేదు. ఆటో మోహన్ చూసినప్పుడు తాటిచెట్టంత ఎత్తుంది, కాళ్ళే లేవు. ఇద్దరూ ఒట్టేసి మరీ చెప్పారు.

ఆ రాత్రి గంగాభవాని కోడలు కీర్తనకి నొప్పులొచ్చాయి. కొడుకేమో వేటకెళ్ళి సముద్రం మీదున్నాడు. గాజువాక ఆసుపత్రికి పోవాలంటే కొండెక్కాల్సిందే. ఆ పూట ఊళ్ళో ఉన్న ఆటో మోహన్‌దొక్కటే.

“నాను రాను పిన్నీ… నా కళ్ళతో సూసాను.”

“కాళ్ళు లేందానికి బయపడి కడుపుతో ఉన్నదాన్ని వొగ్గేస్తావేట్రా? తియ్ బండి!”

కోడల్ని వెనకెక్కించి, తను మోహన్ పక్కనే ఇరుక్కుని కూర్చుంది.

ఆటో రొప్పుతూ కొండెక్కింది. కీర్తన పంటి బిగువున మూలుగుతోంది. జీడిచెట్లొచ్చాయి… మలుపు తిరిగారో లేదో—

దారికడ్డంగా తెల్లగా ఏదో. తల లేదు.

మోహన్ బ్రేకు తొక్కేశాడు. ఆ తెల్లటిది మెల్లగా… పైకి లేచింది. లైటు వెలుగులో ఓ కన్ను ఆకుపచ్చగా మెరిసింది.

“పిన్నీ… ఎనక్కెల్లిపోదాం…”

గంగాభవానికీ భయమేసింది. అంతలో వెనక నుంచి కీర్తన “అమ్మా!” అని కేక పెట్టింది. ఆ కేకకి గంగాభవాని భయం కాస్తా కోపమైపోయింది. చెంగు బొడ్లో దోపుకుని, ఆటో దిగి, నేరుగా దాని మీదికే నడిచింది.

“ఎవుతివే నువ్వు? దెయ్యానివైతే తరవాత తేల్సుకుందాం. ముందు దారియ్యి!”

చెయ్యి జాపింది… వేళ్ళకి వెచ్చటి ఊపిరి తగిలింది.

గుర్రం! బీచిలో పిల్లల్ని తిప్పీ తిప్పీ డస్సిపోయాక ఎవరో వదిలేసిన ముసలి తెల్లగుర్రం. మేతకి మెడ దించితే తల కనపడదు. ఎత్తితే చీకట్లో ఎత్తెంతో తెలీదు. పొదల్లో నిలబడితే కాళ్ళు కనపడవు. జూలు పట్టుకుని పక్కకి లాగేసింది గంగాభవాని.

“రారా మోహనూ!”

తెల్లారేసరికి మనవరాలు పుట్టింది.

మధ్యాహ్నానికి ఆటోస్టాండులో మోహన్ చుట్టూ జనం. గొంతు బాగా తగ్గించి చెప్తున్నాడు:

“గుర్రవేటి బావా… దెయ్యవే! మా పిన్ని జుట్టట్టుకుని ఈడ్సిందా— ఆ దెబ్బకి గుర్రవైపోనాది!”