ఉప్పుగాలి తిన్న కార్డు

"పైన తుప్పట్టిందని తీసి పారేత్తావేటి? లోపల సూసి సెప్పు!"

హిమజ గొంతులో కోపం కన్నా కంగారే ఎక్కువుంది. బారువలో మూసేస్తున్న ఫోటో స్టూడియో అది. బల్ల మీద అమ్మకానికి పెట్టిన ఆరేళ్లనాటి గ్రాఫిక్స్ కార్డు. సాయంత్రం ఐదింటికల్లా ఆమె ఒక ఇంటికి త్రీడీ డిజైన్ గీసి, ఉద్యోగానికి పరీక్ష పెట్టిన కంపెనీకి పంపాలి. కవిటిలో ఆమె పాత సిస్టమ్ ఆ బరువు మొయ్యలేక పొద్దున్నుంచి మూడుసార్లు ఆగిపోయింది. పంపకపోతే ఉద్యోగం ఆశ వదులుకోవడమే.

చూసి చెప్పడానికి శ్రీహర్షని వెంటబెట్టుకొచ్చింది. పలాసలో కంప్యూటర్లు బాగుచేస్తాడు. టెక్కలి కాలేజీలో ఒకే బ్యాచ్. నాలుగేళ్లుగా మనసులో మాట నోటిదాకా తెచ్చి మింగేస్తున్న మహానుభావుడు.

సముద్రం పక్క ఏ సామాను కొన్నా ముందు ఉప్పుగాలి తిన్నదా లేదా అని చూస్తారు. శ్రీహర్ష కార్డుని తిప్పి తిప్పి చూశాడు. తుప్పు పైరేకుకే. పిన్నులు పసుపుపచ్చగా మెరుస్తున్నాయి. స్టూడియో సిస్టమ్‌లో పెట్టి పావుగంట గట్టిగా నడిపినా వేడి డెబ్బై డిగ్రీలు దాటలేదు, స్క్రీన్ మీద ఒక్క గీత పడలేదు. మెమరీ ఆరు జీబీ. ఆమె పనికి ఇంకో రెండేళ్లు ఢోకా లేదు.

కానీ కంపెనీ బెంగుళూరుది.

"వొద్దు హిమజా. ఉప్పు లోపలికెల్లిపోయింది. వారంలో పోద్ది," అన్నాడు.

ఆమె బయట కురుస్తున్న వానలోకి నడిచింది. ఆ మొహం చూసి అతనికి చచ్చేంత సిగ్గేసింది.

"అయితే ఇచ్ఛాపురం నించి ఇంకొకాయన అడిగాడు, ఆయనకిచ్చేత్తాను," అన్నాడు స్టూడియో ఓనరు శేషగిరి.

"ఇవ్వొద్దు సార్!" అంటూ శ్రీహర్ష పరిగెత్తాడు. "హిమజా, ఆగు! కార్డు బంగారం. నాను అబద్ధమాడేను!"

"ఏటీ?"

"నువ్వు బెంగుళూరు ఎల్లిపోతావని బయ్యమేసింది. నువ్వంటే నాకిష్టం. సెప్పలేక సత్తన్నాను."

"బుర్రుందేటి నీకు? అక్కడికెల్లేదాన్నయితే సిస్టమ్ ఆల్లే ఇత్తారు కదా! ఇంటికాడ కూకుని సేసే పని కాబట్టే కార్డు కోసం పరిగెట్టుకొచ్చాను! నీ మాటే వేదమనుకున్నాను కదరా."

"తప్పయిపోనాది."

"కార్డు తీసుకుని బండి తియ్."

కవిటిలో అతను కార్డు బిగించాడు. పని తొంభై శాతం దగ్గర నత్తనడక నడుస్తుంటే ఇద్దరూ గడియారం వంకే చూస్తూ కూర్చున్నారు. నాలుగూ యాభై ఎనిమిదికి ఫైలు వెళ్లింది.

శ్రీహర్ష తలొంచుకుని స్క్రూడ్రైవర్ సర్దుకున్నాడు.

"ఆదివారం మీ అమ్మని తీసుకురా," అంది హిమజ స్క్రీన్ మీంచి కళ్లు తిప్పకుండా. "మా ఇంట్లో మాటలన్నీ ఆవిడే ఆడాలి. నువ్వు నోరిప్పకు. నీ మాట నానింక నమ్మను."