చెమట పట్టని ఐస్ ప్యాకులు

"ఈసారి తుపాకులు లేవు యాదగిరీ," అన్నాడు ఫోన్లో చీఫ్ శ్యాంసుందర్. "విదేశీ ముఠా. టీకా వేసిన పిల్లలకే జబ్బు వస్తే మన టీకాను ఎవరూ నమ్మరు, వాళ్ల టీకా సరుకు దిగుతుంది. రేపు వరంగల్ నుంచి కేసముద్రం వైపు పోయే టీకా బాక్స్ మీదే మొదటి దెబ్బ. ఇరవై మంది పసిపిల్లలు. ఎట్లా కొడతారో తెలియదు."

ఏజెంట్ యాదగిరికి యాభై ఆరేళ్లు, రెండు మోకాళ్లూ పోయాయి. టీకా వ్యాన్ డ్రైవర్ వేషం వేసి, చొక్కా గుండీలో కెమెరా పెట్టుకున్నాడు. నిజమైన డ్రైవర్లు కూడా అంత అలసటగా కనిపించరు.

మే నెల బుధవారం. ఎనిమిదింటికే ఎండ మాడుస్తోంది. టీకా స్టోర్ గేటు దగ్గర నల్ల కళ్లద్దాలు, సిల్కు చీర, సెంటు వాసన. మానస. ముఠాలో ఉంటూ మనకు కబుర్లు అందించే డబుల్ ఏజెంట్.

"మిర్చి ఎండిందా?" అంది.

"జర తడిగుంది," అన్నాడు. కోడ్ సరిపోయింది.

"దారిల మీ వ్యాన్ ఆపుతరు అన్నా. ఈ ఎండల బాక్స్ ఉడికిపోవాలె, అదే ప్లాన్. ఫ్రీజర్ల గట్టిగున్న ఐస్ ప్యాకులే నింపుకో."

సబబుగానే తోచింది. స్టోర్ మనిషిని పక్కకు తప్పించి, రాళ్లలాంటి ప్యాకులు తనే కుక్కాడు. దారిలో ఎవరూ ఆపలేదు. రెండు గంటల తర్వాత పల్లెలో అంగన్‌వాడీ ముందు దిగాడు.

నర్సు లక్ష్మి మొదటి బిడ్డ తొడ దూదితో తుడిచింది. బాక్స్‌లోంచి సీసా తీసి సిరంజిలోకి మందు ఎక్కించబోయి ఆగింది. ఐస్ ప్యాక్ ఒకటి చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. నీళ్ల చప్పుడు లేదు.

"ప్యాకులు జర కరిగి చెమట పట్టకముందే పెట్టినవా అన్నా?"

"సల్లగుంటే మంచిదే గద?"

"తట్టు టీకాకైతే ఫికర్ లేదు. ఈ ఐదు జబ్బుల టీకా, పెంటావాలెంట్‌ల, అల్యూమినియం మందు కలుపుతరు, అడ్జువెంట్ అంటరు. టీకా వచ్చిందని ఒంటిని నిద్రలేపేది అదే. రాయసొంటి ప్యాకులకు తాకి ఒకపారి గడ్డకడితే అది ముద్దలైతది. మల్ల కరిగినా పనిచెయ్యది."

సీసా ఊపి బల్లమీద పెట్టింది. కాసేపటికే తెలుపు అడుక్కి దిగి, పైన నీళ్లు తేలాయి. యాదగిరికి సిగ్గేసింది. ముఠా వేలు కూడా కదపలేదు, పనంతా మానస మాటతో తన చేతే చేయించింది. ఆ నర్సు చెవి లేకపోతే ఈ బిడ్డలను ఏ సూదీ కాపాడేది కాదు.

"మంచి సీసాలు ఏడున్నయి?"

"మన దవాఖాన ఫ్రిజ్‌ల. ఆరు కిలోమీటర్లు."

దవాఖానకు పోయి ఐస్ ప్యాకులు బల్లమీద పరిచి, వాటికి చెమట పట్టేదాకా మోకాళ్లు పట్టుకుని కూర్చున్నాడు. చీఫ్ ఫోన్ చేశాడు.

"నువ్వు చెప్పాక గుండీ కెమెరాలో మానస మాటలన్నీ మళ్లీ విన్నాం. ఆమెను కాజీపేట స్టేషన్లో పట్టుకున్నారు. పిల్లలు?"

"జరసేపట్ల సూదులు పడ్తయి సార్."

"శభాష్. రిపోర్టులో శత్రువు పేరేమని రాయను?"

యాదగిరి ఒక ప్యాక్ ఎత్తి చెవి దగ్గర ఊపాడు. లోపల నీళ్లు కదిలాయి.

"ముందుగాల డ్రైవర్ పేరు రాయుండ్రి సార్. ఆమె పేరు ఎనుక."